ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా...

సంపాదకులు గారికి నమస్కారం.

ఓటీపీ మోసం వార్త వచ్చిన ప్రతిసారీ పేపర్లో "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని రాస్తారు. మంచిదే. కానీ జనం ఎంత జాగ్రత్తగా ఉన్నా, తప్పు మా వెబ్ డెవలపర్లు కట్టిన సైట్లలోనే ఉండే సందర్భాలున్నాయి. అవి మేం బయటకు చెప్పం, అందుకే ఈ ఉత్తరం.

మీ రిక్వెస్టు సాధారణంగా మా సర్వర్‌కి నేరుగా రాదు, మధ్యలో ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ ఉంటుంది. మీరు ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి వచ్చారో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వెళ్లే చీటీ లాంటిది) రాసి అదే లోపలికి పంపుతుంది. చిక్కేంటంటే ఆ హెడర్‌ని బయటివాడు ముందే తనకు నచ్చినట్టు రాసుకుని రావచ్చు, చాలా ప్రాక్సీలు దాన్ని చెరిపేయకుండా చివర్లో అసలు ఐపీ చేరుస్తాయంతే. అపార్ట్‌మెంట్ రిజిస్టర్లో వచ్చినవాడు ఏ పేరు రాస్తే వాచ్‌మన్ ఆ పేరే నమ్మినట్టు ఉంటుంది.

నేను పనిచేసిన ఒకచోట ఇదే జరిగింది. కొత్తగా లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టుల్ని సర్వర్లకు పంచే ప్రాక్సీ) పెట్టాక యూజర్లందరూ దాని ఒకే ఐపీలో కనిపించి, ఒక ఐపీ నుంచి ఓటీపీ ఐదుసార్లే కొట్టాలన్న లిమిట్ దాటారని అందరూ బ్లాక్ అయిపోయారు. ఫోన్ల మీద ఫోన్లు, ఆ టెన్షన్‌లో ఎక్స్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్, అంటే రెడీమేడ్ కోడ్) 'ట్రస్ట్ ప్రాక్సీ' ట్రూ అని ఒక్క లైను పెట్టింది నేనే. సైట్ నడిచింది, నేనూ ఇంటికెళ్లిపోయాను. ఆ సెట్టింగ్ ఎడమ చివరి అడ్రస్‌ని, అంటే బయటివాడు రాసుకొచ్చినదాన్నే తీసుకుంటుందని నెలల తర్వాత లాగ్‌లు (సర్వర్ రాసుకునే రికార్డులు) చూశాకే తెలిసింది. ఒకే మొబైల్ నంబర్‌కి ప్రతి ప్రయత్నానికీ ఒక కొత్త ఐపీ, అంటే ఐదుసార్ల లిమిట్ ఎప్పటికీ తగలదు! నాలుగంకెల ఓటీపీకి ఉన్నవి మొత్తం 10,000 నంబర్లే కదా. ట్రూ తీసేసి 1 అని పెడితే, అంటే మా ప్రాక్సీ ఒక్కదాన్నే నమ్మమంటే, ఆ దారి మూసుకుపోయింది. లిమిట్‌ని మొబైల్ నంబర్‌కీ పెట్టాల్సింది, అదీ అప్పుడే పెట్టాం.

ఐపీతోనే అయిపోలేదు. సైట్ డొమైన్ పేరు చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ అనే హెడర్‌ని నమ్మే సైట్ పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్లో దొంగ డొమైన్ లింకు పంపే ప్రమాదం ఉంది. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ అందుకే దాన్ని డిఫాల్ట్‌గా నమ్మదు. 2025 మార్చిలో బయటపడ్డ నెక్స్ట్.జేఎస్ అనే మరో ఫ్రేమ్‌వర్క్‌లోని లోపం కూడా ఈ కోవలోదే: ఫ్రేమ్‌వర్క్ తన లోపలి పనికి పెట్టుకున్న హెడర్‌ని బయటివాడు పంపితే లాగిన్ తనిఖీ చేసే మిడిల్‌వేర్‌నే దాటేసేది. తీవ్రత పదికి 9.1 అన్నారు, 15.2.3, 14.2.25 వెర్షన్లలో సరిచేశారు.

తోటి డెవలపర్లను నేను అడిగేది ఒకటే. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌లో 1.2.3.4 అని పెట్టి మీ సైట్‌కే బయటి నుంచి ఒక రిక్వెస్టు పంపండి. మీ అప్లికేషన్ ఆ యూజర్ ఐపీ 1.2.3.4 అని లాగ్‌లో రాసుకుంటే, ఆ రోజు మిగతా పని పక్కన పెట్టండి.

ఒక వెబ్ డెవలపర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్