బకింగ్‌హాం కాలువలో ఇక స్తంభాలు వద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

వాన గట్టిగా కురిస్తే బకింగ్‌హాం కాలువ పొంగడం, ఉత్తర చెన్నైలోని కొరుక్కుపేట, వ్యాసార్పాడి వీధుల్లో నీళ్లు నిలవడం, ఆనక పూడిక తీస్తామని అధికారులు చెప్పడం మాకు మామూలైపోయింది. పూడిక తీయాల్సిందే. కానీ వాన నీళ్లను సముద్రంలోకి తోసేయడం తప్ప ఈ కాలువకు ఇంకో పని లేదన్నట్టు ప్లాన్లు వేస్తున్నారు. నా గోడు దాని గురించే.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మాత్రమే ఉన్న ఈ కాలువ మెల్లమెల్లగా ఉత్తరానికి సాగి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 నాటి ధాత కరువులో పని కోసం వచ్చిన జనం చేత మద్రాసులోని కూవం, అడయారు నదుల మధ్య ముక్క తవ్వించారు. బెజవాడ, ధవళేశ్వరం ఆనకట్టల కింద పండిన ధాన్యానికి మద్రాసు పెద్ద బజారైంది. కాకినాడలో బయలుదేరిన సరుకు నీళ్ల మీదే మద్రాసు బేసిన్ బ్రిడ్జి చేరేది. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే భుజానికి తాడు వేసుకుని గట్టు వెంబడి పడవను లాక్కుంటూ నడిచేవారు. బియ్యం, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు, అన్నీ ఈ దారినే వచ్చాయి. వాటితో మనుషులూ వచ్చారు. ఉత్తర చెన్నైలో ఇవాళ్టికీ నెల్లూరు యాస వినబడుతోందంటే అందులో ఈ కాలువ వాటా తక్కువేం కాదు.

రైళ్లు, లారీలు వచ్చి ఆ వ్యాపారాన్ని లాగేసుకున్నాయి. 1965, 66 తుపానులు కాలువను దెబ్బతీశాయి. సరే, కాలం అలా మారింది. చేపాక్, మైలాపూరు వైపు కాలువలోనే ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు పాతింది మాత్రం తుపాను కాదు కదా!

తెలుగు గంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు ఏటా 12 టీఎంసీలు చెన్నైకి రావాలి. ఎండాకాలంలో కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి నీళ్లు ఆలస్యమైతే మనకు ఒకటే టెన్షన్. అదే కృష్ణా తీరం నుంచి పడవలొచ్చిన దారిలోకేమో ఇళ్ల మురుగు వదిలేస్తాం. కొరుక్కుపేట వంతెన మీద నిలబడి చూడండి. తారులాంటి నీళ్లు, బుడగలు, థర్మాకోల్ ముక్కలు.

2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. బియ్యం పడవలు మళ్లీ వస్తాయని నేనేం కలలు కనడం లేదు, ఇంటి ముందుకే లారీ వస్తుంటే పడవకెవరు ఎక్కిస్తారు? ముందు మురుగు పైపులను శుద్ధి కేంద్రాలకు మళ్లించండి. కనీసం ఎన్నూరు నుంచి పులికాట్ దాకా పడవ నడిచే లోతు ఉంచండి. కొత్త వంతెనలు కడితే పడవ దూరే ఎత్తున కట్టండి. కాలువలో మరో స్తంభం దిగకుండా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొరుక్కుపేట, చెన్నై