పేటెంట్ల లెక్క సరే, పాడుచేసుకోవడానికి ఒక నెట్‌వర్కు ఇవ్వండి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్కుల పాఠం చెబుతాను. 5జీ తర్వాతి తరం మొబైల్ సాంకేతికత అయిన 6జీ పేటెంట్లలో 10 శాతం మనవే కావాలన్న లక్ష్యం గురించి చదివినప్పుడల్లా నాకు 400 గజాల దూరం గుర్తుకొస్తుంది.

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య ఇంటర్నెట్ చతికిలపడింది. వాటి మధ్య దూరం ఆ 400 గజాలే. సెకనుకు 32 వేల బిట్లు సాగే దారిలో 40 బిట్లు సాగాయి. తీగ తెగలేదు, యంత్రం కాలలేదు. పంపిన ప్యాకెట్టుకు, అంటే సమాచారపు చిన్న ముక్కకు, జవాబు ఆలస్యమైతే అది పోయిందనుకుని కంప్యూటర్లు మళ్లీ పంపేవి. జాతర నాడు ఇరుకు వంతెన మీద ముందు బండి కదలడం లేదని వెనకవాళ్లు ఇంకా తోసుకొచ్చినట్టన్న మాట. అక్కడి పరిశోధకులు వాన్ జేకబ్‌సన్, మైక్ కారెల్స్ కారణం పట్టుకున్నారు. రద్దీని బట్టి పంపేవాడే వేగం తగ్గించుకునే పద్ధతి 1988లో అచ్చయింది. కొత్త తీగలు వేయకుండా, ప్రోగ్రాములో కొద్దిపాటి మార్పులతో పని జరిగిపోయింది.

వాళ్లు మేధావులే, కాదనను. అయితే కళ్లెదుట కూలిన నెట్‌వర్కు, విప్పి చూసుకోవడానికి ఆ కంప్యూటర్లను నడిపే బర్క్‌లీ యూనిక్స్ కోడ్ కూడా వాళ్ల చేతిలో ఉన్నాయి.

సాయంత్రం ఏడు దాటితే హాస్టల్ వైఫై ఎందుకు నత్తనడక నడుస్తుందో తేలుస్తానని నా విద్యార్థిని ఒకామె ప్రాజెక్టు మొదలుపెట్టింది. నెట్‌వర్కు స్విచ్చుల లాగ్‌లు, అంటే రాకపోకల నమోదులు, చూడనివ్వమని దరఖాస్తు పెడితే, నాలుగు నెలలకు ‘భద్రతా కారణాల రీత్యా వీలుపడదు’ అని ఒక్క వాక్యం వచ్చింది. చివరికి నెట్‌వర్కును అనుకరించే సిమ్యులేటర్‌లో ఊహించిన రద్దీతో పని ముగించింది. మార్కులు బాగానే వచ్చాయి. వైఫై అలాగే ఉంది.

ముందు కాగితం మీద ప్రమాణాలు రాసి, తర్వాత నెట్‌వర్కు కట్టే దారినీ ప్రపంచం చూసింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరును ఏడు పొరలుగా విడదీసి అలా రాసిన ప్రమాణాలే ఓఎస్ఐ. దానికి ప్రభుత్వాల అండ ఉండేది. అమెరికా 1990లో తన కొనుగోళ్లలో దాన్ని తప్పనిసరి చేసింది కూడా. గెలిచింది మాత్రం అప్పటికే నడుస్తున్న టీసీపీ/ఐపీ, అంటే నేటి ఇంటర్నెట్‌ను నడిపే నియమాలు. 1986లో మొదలైన మన విద్యా, పరిశోధనా సంస్థల నెట్‌వర్కు ఎర్నెట్ రెండింటినీ పక్కపక్కనే నడిపి చూసింది. 1995 నుంచి దాదాపు అంతా టీసీపీ/ఐపీ మీదే సాగింది. వాదించుకుంటూ కూర్చోకుండా నడిపి తేల్చుకోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. ఓఎస్ఐ ఏడు పొరలు ఇప్పుడు మా పరీక్షల్లో వ్యాసరూప ప్రశ్నగా బతుకుతున్నాయి.

6జీ పరిశోధన నిధుల్లో కొంత, విద్యార్థులు పాడుచేసినా ఎవరూ సంజాయిషీ అడగని నెట్‌వర్కుకు కేటాయించండి. పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే భారత్‌నెట్‌లో ఏ లైను ఎప్పుడు పడిపోయింది, ఎన్ని గంటలకు లేచింది అన్న వివరాలను, వినియోగదారుల జాడ తీసేసి, పరిశోధకులకు తెరవండి. ప్రజల సొమ్ముతో రాసిన కోడ్ ప్రజలకే ఇవ్వండి. పేటెంట్లు ఎన్ని అని అడిగే ఫారంలో ‘ఏ ప్రయోగం విఫలమైంది, ఎందుకు’ అన్న గడి ఒకటి చేర్చండి.

ఆ అమ్మాయి దరఖాస్తు, దానికి వచ్చిన ఒక్క వాక్యం జవాబు నా దగ్గరే ఉన్నాయి. అడిగితే పంపుతాను.

భవదీయుడు,
ఒక అధ్యాపకుడు