పెరిగిన రాష్ట్రంలోనే బయటివాళ్ల ఫీజా?

అమెరికాలో పెరిగిన మన పిల్లలు 21 ఏళ్లు నిండగానే అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటివాళ్ల ఫీజు కట్టాల్సి రావడం అన్యాయం. మా అక్క మనవరాలు మూడేళ్ల వయసులో వెళ్లింది, బడి చదువంతా ఒకే ఊళ్లో. తండ్రి 18 ఏళ్లుగా అక్కడే పన్నులు కడుతున్నాడు, గ్రీన్ కార్డు మాత్రం రాలేదు. డిగ్రీ మూడో ఏడాదిలో 21 నిండి, తండ్రి ఉద్యోగ వీసా ఆధారంగా పిల్లలకిచ్చే హెచ్-4 వీసా చెల్లక, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారగానే ఫీజు దాదాపు మూడింతలైంది. ఆ బిల్లు ఫోన్‌లో చూపిస్తుంటే అక్కకి మాట పెగల్లేదు. కాలిఫోర్నియాలో మూడేళ్లు హైస్కూలు చదివి పాసైనవారికి స్థానికేతర ఫీజు మినహాయించే ఏబీ 540 చట్టం 2001లోనే వచ్చింది. వలస పత్రాలు లేని పిల్లలకూ అది వర్తిస్తుంది, మంచిదే. కానీ ఎఫ్-1 వీసా ఉన్నవారికి వర్తించదు! పిల్లలు ఏ వీసా మీద ఉన్నారని కాక, ఎక్కడ చదివారన్నదే చూసేలా రాష్ట్రాలు ఈ నిబంధన మార్చాలి. అక్కడి తెలుగు సంఘాలు మహాసభల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా దీని మీద పెట్టి, శాసనసభ్యులను కలిసి అడగాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు