ప్యాన్‌మ్యాన్ కథ విన్నవాళ్లకు

నేను చెబుతుంటే మా చెల్లెలి మనవడు ఫోన్‌లో టైప్ చేస్తున్నాడు. తప్పులుంటే వాడివి.

పోయిన ఏడాది ఐదు నెలలు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద, ఆ తర్వాత నైట్ షెల్టర్‌లో ఉన్నాను. నాకు 71 ఏళ్లు. అన్నం ప్యాకెట్లు ఇచ్చినవాళ్లందరికీ దండాలు. కాకపోతే ప్యాకెట్‌తో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చేది: "పిల్లలు లేరా తాతా?" జవాబు చెప్పలేక, ఆకలి లేదని అటు తిరిగి పడుకున్న రోజులున్నాయి.

ఆదివారాలు షెల్టర్‌కు వచ్చే అమ్మాయి ఆ మాట అడగలేదు. "మీరేం పని చేసేవారు?" అంది. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ప్యాన్‌మ్యాన్‌ని అన్నాను. అదేంటో తెలియక నవ్వింది. చెరకు పాకం ఉడికించి పలుకు కట్టించేవాడే ప్యాన్‌మ్యాన్. ఉడికే పాకం కొంచెం తీసి గాజు ముక్క మీద పూసి వెలుతురుకు పెడితే, పలుకు కట్టిందో లేదో కనబడుతుంది. షెల్టర్‌లో గాజు ముక్క ఎక్కడిది? తన కళ్లద్దాలు తీసి ఇచ్చింది. చాయ్ చుక్క పూసి, బల్బు వైపు ఎత్తి చూపించాను. మంచం చుట్టూ పదిమంది చేరారు. ఆ రాత్రి నుంచి అందరికీ నేను ప్యాన్‌మ్యాన్ సాబ్‌ని.

నేను చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుని, మరుసటి వారం చదివి వినిపించేది. తప్పయితే కొట్టేయించేవాణ్ని. ఒకరోజు ఇల్లు కొడుకు పేర రాసిన సంగతి వచ్చింది. "చివరిదాకా నన్ను చూసుకోవాలని కాగితంలో రాయించా" అన్నాను మాటవరసకు. అక్కడ పెన్ను ఆపింది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉందట. అలాంటి షరతు మీద ఇచ్చిన ఆస్తిని, మాట తప్పితే వెనక్కి అడగొచ్చు. షెల్టర్ కేర్‌టేకర్ వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి కనుక్కున్నాడు. వకీలు లేకుండానే ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం.

ఇల్లు మాత్రం వద్దన్నాను. మనవలు అందులోనే ఉన్నారు. నెలకు ఎనిమిది వేలు ఇస్తానని కొడుకు ఒప్పుకున్నాడు. నా మొహం చూడలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు బోధన్‌లో చెల్లెలి ఇంటి పక్కనే గది తీసుకున్నాను.

కేర్‌టేకర్ తమ్ముడికి, నన్ను చూసి తన మగ్గం ముచ్చట మొదలుపెట్టిన పక్క మంచం పెద్దాయనకు కృతజ్ఞతలు. అమ్మా, పేరు వద్దన్నావు కాబట్టి రాయించడం లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను. నోట్‌బుక్ జాగ్రత్త. వెనకా ముందూ చెప్పేశాను గానీ, నా పెళ్లి సంగతి ఇంకా రానేలేదు.