వసతి గృహపు అక్కకు, ఇంకా మాకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం కర్నూలు పాతబస్తీలో ఒక చిన్న పోర్షన్‌లోకి చేరాము. మావారు కాలికి కట్టుతోనే గుమ్మం దాటారు, బాబు ఆదోని నుంచి వచ్చేశాడు. మూటలు ఇంకా విప్పలేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలూ ఇప్పుడే రాయకపోతే పనుల్లో పడి వాయిదా వేస్తానేమోనని కూర్చున్నాను.

సంగతి తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను, అక్కడ వేసవి సెలవులకు జీతం ఉండదు. సరిగ్గా ఆ సెలవుల్లోనే బళ్లారి చౌరస్తా దగ్గర మావారు నడిపే ఆటోకు ప్రమాదం జరిగి ఆయన తొడ ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో వైద్య సేవ పథకం కింద ఆపరేషన్ జరిగింది, మా చేతి నుంచి రూపాయి పడలేదు. అయితే ఆటో ఆగిపోవడంతో అద్దె బాకీ పడి, ఇంటి యజమాని ఓపిక పట్టినంత పట్టి చివరికి ఖాళీ చేయమన్నారు. ఆయన సంసారమూ ఆ అద్దె మీదే నడుస్తుంది కనుక ఆయనను నిందించను. అన్నయ్యా వదినా బాబును తీసుకువెళ్లారు, అమ్మ గాజులు తీసి ఇచ్చింది. వారికి ఇక్కడ కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు.

నేను ముఖ్యంగా రాయదలచుకున్నది పట్టణ నిరాశ్రయుల వసతి గృహంలో పనిచేసే ఒక అక్క గురించి. పేరు రాయవద్దని ఆమె గట్టిగా చెప్పారు. పగలు వార్డులో, రాత్రి ఆసుపత్రి వరండాలో గడుపుతున్న నాకు అలాంటి చోటు ఒకటి ఉందని వార్డులోని ఆయమ్మ చెప్పింది. వెళ్లాను గానీ, పిల్లలకు పద్యాలు చెప్పుకునే మనిషిని, ఆ బోర్డు చూశాక లోపలికి అడుగు పడలేదు. ఆ అక్కే బయటికి వచ్చి నా చేతిలోని సంచి అందుకున్నారు. రిజిస్టరులో పేరు, వయసు రాసి, చిరునామా గడి దగ్గర ఆగిపోయాను. పాత ఇంటి నంబరు రాస్తే అబద్ధమవుతుంది, రాయడానికి కొత్తది లేదు. ఆమె ఒక్క క్షణం చూసి, రిజిస్టరు తన వైపు తిప్పుకుని, గుండ్రటి అక్షరాలతో ఆ వసతి గృహం చిరునామానే నా పేరు ఎదుట రాశారు. "ఇప్పటికి ఇదే మీ ఇల్లు మేడం. ఎవురడిగినా ఇదే చెప్పండి, నన్నడిగితే నేనూ అదే చెప్తా" అన్నారు.

ప్రమాదం జరిగిన రోజున గానీ, ఇంటి తాళం చెవులు తిరిగి ఇచ్చిన రోజున గానీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె ఊరుకోమనలేదు. నా సంచిలో ఎక్స్‌రే ఫిల్ములు మడతలు పడుతున్నాయని గమనించి, వాటిని పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి, తన బీరువా పై అరలో జాగ్రత్తగా పెట్టి వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆ తరువాత డ్యూటీ దిగాక నాతో పాటు టు-లెట్ బోర్డులు వెతుకుతూ తిరిగింది కూడా ఆమే. ప్రతిచోటా మూడు నెలల అడ్వాన్సు అడిగారు. ఇప్పుడున్న ఇంటి యజమానురాలితో మాట్లాడి, ఒక నెల అడ్వాన్సు ముందు ఇచ్చి, మిగిలింది విడతలుగా ఇచ్చేటట్టు ఒప్పించారు. "పంతులమ్మ, యాడికీ పోదు. పోతే నన్నడుగు" అని పూచీ పడ్డారు. ఆమె ఉండేదీ అద్దె ఇంట్లోనే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. సాయం కోసం ఒక కార్యాలయానికి వెళితే, ఇల్లు ఖాళీ చేశాక మీరు ఏ వార్డు కిందికి వస్తారని అడిగి మరో చోటికి పంపారు, అక్కడా అదే ప్రశ్న. అడిగిన చోటల్లా చూపించినవి ఇల్లు కట్టించే పథకాలే. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గానీ, పట్టణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించే 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఇళ్లు గానీ మంచివే, కాదనను. కానీ అవి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, మాకు కావలసింది రెండు నెలల అద్దె. లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటుండేలా, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండే వసతి గృహాలు కావాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. 2011 లెక్కల నాటికే కర్నూలు జనాభా 4 లక్షలు దాటింది, లెక్క మీరే వేసుకోండి. పైగా వసతి గృహం ఇల్లు పోయాక ఆదుకునేది, పోకముందు ఆదుకునేది వేరే ఉండాలి.

అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు ఫోనులో చెప్పాడు: అక్కడ 2009 నాటి చట్టం కింద ఇల్లు పోగొట్టుకోబోతున్న కుటుంబానికి మూడు నెలల వరకు స్వల్పకాలిక అద్దె సాయం, అవసరమైతే 24 నెలల వరకు పొడిగింపు, ఆరు నెలల దాకా పాత బాకీ ఒకేసారి తీర్చే వీలు ఉన్నాయట. నిధులు చాలక అక్కడా ఎందరో వీధుల్లోనే ఉన్నారని కూడా వాడే చెప్పాడు. అయినా అలాంటి ఆలోచన ఒకటి కాగితం మీదైనా ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మన ఊరు మునిగినప్పుడు బడులన్నీ తెరిచి అందరికీ అన్నం పెట్టాము, ఎందుకంటే ఆ నీళ్లు అందరికీ కనిపించాయి. ఒక్క ఇంటిని ముంచే బాకీ ఎవరి జాబితాలోనూ ఉండదు.

మరిచిపోతున్నాను, సామాను బాడుగ తీసుకోకుండా చేర్చిన మావారి స్టాండు ఆటోవాళ్లకు, పెట్టెలు తన ఇంట్లో దాచిన లెక్కల టీచరుకు, మొదటి దారి చూపిన ఆ ఆయమ్మకు, పొద్దున్నే ఉగ్గాని పొట్లం కట్టి డబ్బులు తరువాత ఇద్దువులే అన్న హోటలు పెద్దమ్మకు కృతజ్ఞతలు. ట్యూషనుకు పిల్లలను పంపుతామని ముందుకు వచ్చిన తల్లిదండ్రులకు కూడా.

పోస్టు పెట్టాక గుర్తొచ్చి కలుపుతున్నాను: ఆసుపత్రి ఎదుట జిరాక్సు షాపు అబ్బాయి, మా ఆధార్, రేషన్ కార్డు కాపీలు అడిగినన్నిసార్లు తీసిచ్చి ఖాతాలో రాసుకున్నాడు. సోమవారం వచ్చి ఇచ్చేస్తాను బాబూ, ఎంతయిందో చూసి పెట్టు.