నీ పెసల డబ్బా సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పక్కపక్క డబ్బాల్లో పెట్టినా పెసలన్నీ పుచ్చిపోయాయి, రాజ్మా మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకని మొన్న అడిగావు కదా. ఫోన్‌లో సగం చెప్పేసరికి సిగ్నల్ పోయింది. మిగతాది తీరిగ్గా రాస్తున్నా.

మా పెసలదీ అదే గతి. గింజల మీద తెల్లటి చుక్కలున్నాయి చూడు, అవే గుడ్లు. పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది, బయటికి కనబడదు. కన్నం పడేముందు గింజ మీద కిటికీలా గుండ్రటి పలచటి పొర ఒకటి తేలుతుంది. నిన్న పిన్నీసు మొనతో ఒకదాన్ని లేపి చూశాను. లోపల పప్పంతా డొల్ల, బయటికి రావడానికి సిద్ధంగా ఉన్న పురుగు!

ఈ పురుగు రాజ్మాలో బతకదు. దానికి ఒక ముఖ్య కారణం ఆ గింజలో ఉండే ఆల్ఫా అమైలేజ్ ఇన్హిబిటర్ (అడ్డుకునేది అని అర్థం) అనే ప్రోటీన్. పిండిపదార్థం అరగాలంటే పురుగు కడుపులో అమైలేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. ఈ ప్రోటీన్ వెళ్లి దానికి అతుక్కుని కదలనివ్వదు. చుట్టూ తిండే ఉన్నా ఒంటికి పట్టక పురుగు ఎదగకుండానే చస్తుంది. మన అమైలేజ్‌నీ అది అడ్డుకోగలదు కానీ, బాగా ఉడికిస్తే దాని బలం పోతుంది.

దీన్ని చూసే ఆస్ట్రేలియా, అమెరికా శాస్త్రవేత్తలు రాజ్మాలోని ఆ జన్యువును బఠాణీలో పెట్టారు. మన పెసల్ని తినే పురుగులు ఆ బఠాణీలో బతకలేకపోయాయని 1994లో ప్రకటించారు. 2000 నాటికి ఆ జన్యువు పొలంలో బఠాణీ పురుగు మీద కూడా పనిచేసింది. అంతలో 2005లో, ఆ బఠాణీ తిన్న ఎలుకల్లో అలర్జీ లాంటి స్పందన కనిపించిందన్నారు. పని ఆగిపోయింది. 2013లో ఇంకో బృందం మళ్లీ చూస్తే, మామూలు బఠాణీకీ రాజ్మాకీ కూడా ఎలుకల్లో అలాంటి స్పందనే వచ్చిందట! ముందు జాగ్రత్తగా ఆపడం సరైనదే అంటాను. కానీ అన్నేళ్ల శ్రమ గుర్తొస్తే బాధగానే ఉంటుంది రా.

పురుగూ తక్కువది కాదు. రాజ్మానే తిని బతికే పురుగులు వేరే ఉన్నాయి, వాటి అమైలేజ్‌కి ఈ ప్రోటీన్ అతుక్కోదు. మన పెసల పురుగైతే, ప్రోటీన్లు అరిగించే ఎంజైమ్‌ని అడ్డుకుంటే వేరే రకం ఎంజైములు తయారుచేసుకుంటుంది. అందుకే ఒక్క ఇన్హిబిటర్‌నే నమ్ముకుంటే లాభం లేదని నాకనిపిస్తుంది.

ఈలోగా నువ్వు కొత్త పెసలు రాగానే గలగలలాడేలా ఎండబెట్టి, మీ అమ్మమ్మ చేసినట్టు కాస్త ఆముదం పట్టించు. నూనె పూత ఉంటే గుడ్లకు గాలి ఆడదు. పుచ్చిన వాటిలో గుప్పెడు సీసాలో వేసి మూత బిగించి ఉంచు. సంక్రాంతికి భూతద్దం తెస్తున్నా, ఆ కిటికీలు నీకూ చూపించాలి.

నీ
రాజు