గేటు చప్పుడు

చిట్టితల్లికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు నొప్పి కాస్త తగ్గింది. మేడ మీద గదికి రంగులు వేయించాం. నీ పుస్తకాలు మూడు అట్టపెట్టెల్లో సర్ది పైన పేరు రాసి పెట్టాను. ఒక్కటీ పారెయ్యలేదు, ఆ చిరిగిన డ్రాయింగ్ పుస్తకం కూడా. బాబిగాడు మళ్ళీ కళ్ళజోడు పోగొట్టుకున్నాడు. పనిగట్టుకుని రాస్తున్నదేం కాదు, ఊరికే రాద్దామనిపించింది.

నీ గొంతు విని 23 రోజులైంది. లెక్కపెడుతూ కూర్చున్నానని కాదు, క్యాలెండర్ నా మంచానికి ఎదురుగానే ఉంటుంది కదా. మీ అమ్మకు వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పంపుతున్నావట. ఆవిడకది చాలు. నాకు బొటనవేలు కూడా రాలేదు.

రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? ఫోను తలగడ కింద పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో.

సరే, చెప్పేస్తాను. బాబిగాడు నోరు జారాడు. "బుధవారం సాయంత్రం అక్క ఫోనెత్తదు నాన్నా, కౌన్సెలింగ్ ఉంటుంది" అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. వాణ్ణి తిట్టకు. ఆ మాట వినగానే నాకు ముందు వచ్చిన ఆలోచన "నా గురించి ఏం చెబుతోందో" అని. నీకెలా ఉందోనన్నది రెండోది. ఆ వరస మార్చి రాసుంటే నేను మంచివాడిలా కనిపించేవాణ్ణి, కానీ జరిగింది ఇదే.

ఆ రాత్రి నుంచి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక నాకు ఇంకేం పని? 1980లలో అమెరికాలో, శాన్‌డియాగోలో, విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడట. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతున్నారు. ఎందుకా అని కూర్చోబెట్టి అడిగితే, చాలామంది చిన్నప్పుడు పడ్డ బాధలు బయటికొచ్చాయి. తర్వాత ఆయనా, రాబర్ట్ ఆండా అనే ఇంకో డాక్టరూ కలిసి వేలమందిని అడిగి, 1998లో ఆ లెక్కలు అచ్చేశారు. ఎక్కువమంది చదువుకున్నవాళ్ళే. చిన్నతనంలో అలాంటి కష్టాలు నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో చూసినవాళ్ళకి, అసలేమీ చూడనివాళ్ళతో పోలిస్తే, డిప్రెషన్, తాగుడు, మత్తుమందులు, చచ్చిపోవాలని ప్రయత్నించడం, ఇవన్నీ 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులకీ దానికీ కూడా సంబంధం కనిపించింది.

దాని మీంచి వచ్చిన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది. కరెంటు బిల్లు వెనక రాసుకుని నీ తరఫున టిక్కులు పెడదామని కూర్చున్నాను. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో పెద్దవాళ్ళు తరచూ తిట్టడం, అవమానించడం, కొడతారేమో అని భయపెట్టడం జరిగిందా అని. నేను ఆ "తరచూ" దగ్గర పట్టుకున్నాను. నెలకు రెండుసార్లయితే తరచూ అంటామా? మీ అమ్మనడిగాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా, "ఆ లెక్క మీరు కాదు కట్టాల్సింది" అంది. పెన్ను మూసేశాను.

తర్వాత అదే కాగితం మీద నా తరఫున పెట్టుకున్నాను. మీ తాతయ్య సంగతి నీకు తెలుసుగా. "మా నాన్న నన్ను కొట్టలేదా, నేను బాగానే ఉన్నానుగా" అని నీతో ఎన్నిసార్లన్నానో. అయిదు టిక్కులొచ్చాయి. బాగానే ఉన్నవాడు మీ చిన్నప్పుడు ఇంట్లో అలా ఉండేవాడా? ఇది సాకుగా చెప్పడం లేదు. సాకులా వినిపిస్తే కొట్టెయ్యి.

నీకొకటి చెప్పాలి. నీకు తొమ్మిదేళ్ళప్పుడు. ఆ రోజు మనసు బాగుండి తొందరగా వచ్చాను, నీకోసం రంగు పెన్సిళ్ళ డబ్బా కొన్నాను. గేటు ఎవరో తీసే ఉంచారు, అందుకని చప్పుడు కాలేదు. కిటికీ దగ్గరికొచ్చేసరికి నీ గొంతు. బాబిగాడికి ఏదో పాఠం చెబుతున్నావు. ఎక్కాలేమో అని మురిసిపోతూ నిలబడ్డాను. "గేటు దబ్బుమని పడితే పుస్తకం తీసి కూర్చోవాలి. చెప్పులు పక్కపక్కన విడిస్తే పర్లేదు. ఒకటక్కడా ఒకటిక్కడా పడితే నా వెనకే ఉండు. మంచినీళ్ళు అడిగితే మనం ఏదైనా అడగొచ్చు. అమ్మని పేరు పెట్టి పిలిస్తే మాత్రం బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పెయ్." వాడికి అయిదేళ్ళు. "కుళాయెందుకక్కా?" అన్నాడు. "ఏం వినపడదు" అన్నావు. తర్వాత వాడిచేత మొత్తం అప్పజెప్పించావు. వాడు చెప్పుల దగ్గర తప్పు చెబితే మళ్ళీ మొదట్నుంచీ. రెండోసారి సరిగ్గా చెప్పాడు.

నేను నవ్వాను తల్లీ. నవ్వి, పెద్దత్తకి చెప్పాను, ఆఫీసులో చెప్పాను, "మా అమ్మాయి సీఐడీ" అని పది మందిలో ఎన్నేళ్ళు చెప్పుకున్నానో. నీ ముందే చెప్పేవాణ్ణి, నువ్వూ నవ్వేదానివి. నువ్వు నవ్వుతున్నావు కదా అని నేను ఇంకోసారి చెప్పేవాణ్ణి. ఆ నవ్వు కూడా అలా అప్పజెప్పిన పాఠాల్లో ఒకటని ఇప్పుడు తెలుస్తోంది. పెన్సిళ్ళు ఇచ్చానో లేదో మాత్రం గుర్తు రావడం లేదు.

ఆఫీసులో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే కడుపులో తిప్పుతుందని ఒకసారి అమ్మతో అన్నావట. "సుకుమారం ఎక్కువైంది" అన్నాను నేను. సుకుమారం కాదట. మెదడులో అమిగ్డలా అని చిన్న భాగం ఒకటుంటుంది, ప్రమాదాన్ని పసిగట్టేది. ఎదిగే వయసులో రోజూ భయపడాల్సి వస్తే అది ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడడం నేర్చుకుంటుంది, కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు పనిచేసే తీరు కూడా మారిపోవచ్చు. గేటు లేని ఇంట్లో ఉన్నా లోపల గేటు చప్పుడు ఆగదన్నమాట. నిద్ర పట్టకపోవడం, ఊరికే టెన్షన్, ఎవరు దగ్గరికొచ్చినా ముందు మొహం చదవడం, ఇవన్నీ అందులోంచే రావచ్చు.

అలాగని ఆ టిక్కులు చూసి నీ జాతకం తేల్చెయ్యకు. ఆ ఆండాగారే 2020లో మళ్ళీ రాశాడు, ఈ స్కోరుతో ఒక్కో మనిషికి ఏమవుతుందో చెప్పకూడదని. జనం మొత్తాన్ని చూసేందుకు పనికొచ్చే లెక్క అది. దీన్ని పట్టుకుని ఫలానా జబ్బు రాసిపెట్టి ఉందని ఎవరైనా అంటే నమ్మకు.

లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను కానీ, నాలుగు ముక్కలు. మందులు ఏమైనా రాసిస్తే బాగుందనిపించగానే నీ అంతట నువ్వు ఆపెయ్యకు, డిప్రెషన్ మందులు చాలావాటిని డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆ కౌన్సెలర్‌తో కుదరకపోతే ఇంకొకరిని చూసుకో, మొహమాటపడకు. మొదట్లో మాట్లాడి వచ్చిన రోజు ఇంకా బరువుగా ఉండొచ్చు, దానికి భయపడి మానెయ్యకు. బతకాలని లేదు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే, రాత్రి రెండైనా మూడైనా, నాకే ఫోను చెయ్యనక్కర్లేదు, అమ్మకో బాబిగాడికో చెయ్యి, లేదా నేరుగా ఆసుపత్రికెళ్ళు. వేళకింత తిను. నడు. చూశావా, నాలుగు అని ఎన్ని చెప్పానో.

ఇంకో సంగతి కూడా చదివాను. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ, తోటివాళ్ళతో కలిసి, దశాబ్దాలపాటు గమనించింది. వాళ్ళలో బాగా కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో మూడోవంతు మంది నిబ్బరంగా, నలుగురినీ చూసుకునే మనుషులయ్యారు. అలాంటి వాళ్ళకి సాధారణంగా తల్లిదండ్రులు కాకపోయినా నిలకడగా పట్టించుకునే పెద్ద దిక్కు ఒకరు ఉండేవారట. నీకు పెద్దత్త ఉంది. స్కూలునుంచి నువ్వు ముందు అక్కడికెళ్ళి, చీకటి పడ్డాకే ఇంటికి రావడం నాకప్పుడు కోపం తెప్పించేది. "ఇల్లు లేదా నీకు" అని అరిచేవాణ్ణి. నిన్న వెళ్ళి ఆవిడ దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచక ఫ్యాను రెగ్యులేటర్ బాగు చేసొచ్చాను.

బుధవారం నువ్వు నా గురించి ఏం చెబుతున్నావో అడగను. అడగను అని మూడుసార్లు రాసి కొట్టేశాను, ఇది నాలుగోది. చెప్పాల్సింది చెప్పు, నాన్న పరువు పోతుందని తగ్గించకు. అక్కడ కూడా నవ్వుతూ చెబుతున్నావేమో, అదొక్కటే నా భయం. నేను కూడా రావాలని ఆ కౌన్సెలర్ ఎప్పుడైనా అంటే వస్తాను. వద్దంటే రాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు. రాస్తే మాత్రం నిద్ర సంగతి రాయి. చలికి ఆ గోధుమరంగు స్వెట్టర్ వేసుకుంటున్నావా? చేతుల దగ్గర ఊడిపోయిందన్నావు, పంపితే అమ్మ సరిచేసి పెడుతుంది.

గేటుకి కొత్త బందులు వేయించి నూనె పోశాను. ఇప్పుడు ఎవరొచ్చినా చప్పుడే కాదు, ఎవరొచ్చారో తెలియడం లేదని మీ అమ్మ రోజూ సణుగుతోంది. తాళంచెవి ఒకటి నీ దగ్గరుందిగా.

నాన్న